పుణ్యానికి కూలి ఉందా?

పాఠకుల ప్రశ్నలు - జవాబులు

పోయిన సంచికలో జైనుల పర్యూషణ పండుగ గురించి నేను రాసిన నాలుగు మాటలు చదివి చాలామంది ఉత్తరాలు రాశారు. జైనుల మోక్షాన్నీ క్రైస్తవుల రక్షణనూ పక్కపక్కన పెట్టి అడిగినవే ఎక్కువ. కొన్నింటికి ఇక్కడ జవాబిస్తున్నాను. నేను గుంటూరులో లూథరన్ కుటుంబంలో పుట్టాను. మా నాన్నగారు సంఘంలో ఉపదేశి. డిగ్రీ కాలేజీలో తత్వశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. ఈ మాటలు ఎవరు చెబుతున్నారో తెలిసి చదవడం మంచిది కాబట్టి ముందే చెప్పాను.

ప్రశ్న: మాది సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం) క్రైస్తవ కుటుంబం. సికింద్రాబాద్‌లో ఒక ఆడిటర్ ఆఫీసులో పనిచేస్తున్నాను. నా పక్క సీటు అమ్మాయి జైన్. పర్యూషణలో అట్ఠాయి చేసింది. ఎనిమిది రోజులు కాచి చల్లార్చిన నీళ్లు తప్ప ఏమీ ముట్టలేదు, ఆ నీళ్లు కూడా పొద్దుగుంకేలోపే. రోజూ ఆఫీసుకు వచ్చింది. ఒకరోజు "మీ దేవుడు అన్నీ క్షమించేస్తే ఇక నువ్వు చేయాల్సిందేముంది?" అని అడిగింది. "మిమ్మల్ని క్షమించేవాళ్లే లేకపోతే మీకు దిక్కెవరు?" అన్నాను నేను. ఇద్దరం నవ్వుకున్నాం గానీ అప్పట్నుంచి నాకు టెన్షన్‌గా ఉంది. ఆమె కష్టపడి సంపాదించుకుంటోంది, నేను ఊరికే తీసుకుంటున్నానా? మా పాస్టర్‌గారిని అడిగితే "వాళ్లది క్రియల దారి, మనది కృప దారి" అన్నారు. అంతేనా?
- ఒక పాఠకురాలు, సికింద్రాబాద్

జవాబు: అంత తేలిగ్గా తేలదమ్మా. మీ ఫ్రెండ్ అడిగిందీ బాగుంది, మీరు తిరిగి అడిగిందీ బాగుంది. పాస్టర్‌గారు చెప్పిన మాటే రెండు వైపులా సగం సగం నిజం.

మనిషికి వచ్చిన ఇబ్బంది ఏమిటన్న దగ్గరే ఈ రెండు మతాలు విడిపోతాయి. బైబిలు ప్రకారం మనిషి దేవుడికి దూరమయ్యాడు. బంధం తెగింది. తెగిన బంధాన్ని ఒక్కరే కూర్చుని అతకలేరు, అవతలివారు కూడా రావాలి. అందుకే అక్కడ క్షమాపణ అంత పెద్ద మాట. జైనంలో ఇబ్బంది వేరు. కర్మ అంటే వాళ్లకు కేవలం పాపపుణ్యాల లెక్క కాదు, అది నిజంగా ఒక పదార్థం. కంటికి కనబడనంత సూక్ష్మమైన పుద్గలం. మనసుతో, మాటతో, ఒంటితో మనం చేసే ప్రతి పనికీ అది జీవుడి వైపు వస్తుంది. కోపం, అహంకారం, కపటం, లోభం ఉంటే అంటుకుంటుంది. దానివల్ల జీవుడికి సహజంగా ఉన్న అనంతమైన జ్ఞానం మూసుకుపోతుంది. ఇలా అంటుకున్నదాన్ని ఎవరు క్షమిస్తారు? ఎవరినీ నొప్పించకుండా ఒంటరిగా అడవిలో ఉన్నా అంటుకున్నది అంటుకునే ఉంటుంది. కొత్తది రాకుండా ఆపాలి, దాన్ని సంవరం అంటారు. పాతది రాల్చుకోవాలి, దాన్ని నిర్జర అంటారు. మీ ఫ్రెండ్ చేసిన అట్ఠాయి ఈ రాల్చుకునే పనిలో ఒక భాగం.

ఇంతవరకూ వింటే "సంపాదన" అన్న మీ మాట సరిపోయినట్టే ఉంటుంది. కానీ ఆ అమ్మాయి ఏం సంపాదిస్తోందని మీరనుకుంటున్నారు? జైన సంప్రదాయం ప్రకారం ఈ కాలంలో, మనం ఉన్న ఈ భరతక్షేత్రం నుంచి ఎవరికీ మోక్షం రాదు. మహావీరుడి గణధరుడు, అంటే ముఖ్య శిష్యుల్లో ఒకడైన సుధర్మస్వామి శిష్యుడు జంబూస్వామి ఇక్కడినుంచి ముక్తి పొందిన చివరివాడు. జైనుల్లోని రెండు శాఖలు, శ్వేతాంబరులూ దిగంబరులూ, చాలా విషయాల్లో వాదించుకుంటారు గానీ ఈ మాట మీద ఇద్దరూ ఒకటే. అంటే ఆ ఎనిమిది రోజుల ఉపవాసం ఈ జన్మలో తనకు మోక్షం తెచ్చిపెట్టదని తెలిసే ఆమె చేసింది. నెల తిరక్కుండా జీతం అడిగే లోకంలో అలా చేయగలగడం చిన్న సంగతి కాదు.

ఇంకొక మాట చెప్పాలి. అనంతపురం జిల్లాలో గుంతకల్లు దగ్గర కొనకొండ్ల అని ఒక ఊరుంది. దిగంబర జైన గురువు కుందకుందాచార్యుడిది ఆ ఊరేనని సంప్రదాయం. దిగంబరులు రోజూ తలచుకునే పేర్లలో మహావీరుడు, గౌతమ గణధరుడి తర్వాత ఆయన పేరే వస్తుంది. ఆయన ప్రాకృతంలో రాసిన సమయసారంలో ఒక గాథ ఉంది. ఇనుప సంకెల మనిషిని ఎలా కట్టేస్తుందో బంగారు సంకెల కూడా అలాగే కట్టేస్తుంది, అదే విధంగా చేసిన కర్మ శుభమైనా అశుభమైనా జీవుణ్ణి కట్టేస్తుంది అంటాడు. ఆలోచించండి. పుణ్యం కూడా సంకెలే. పుణ్యం వల్ల స్వర్గం వస్తుంది, మంచి జన్మ వస్తుంది, కానీ వాటి గడువు తీరాక మళ్లీ ఇక్కడికే. మోక్షం పుణ్యానికి ఇచ్చే కూలి కాదని ఆయన అంత గట్టిగా చెప్పాడు.

ఇక మన వైపు చూద్దాం. పౌలు రాసిన ఎఫెసీ పత్రిక మీకు కంఠతా వచ్చే ఉంటుంది: "మీరు విశ్వాసముద్వారా కృపచేతనే రక్షింపబడియున్నారు, ఇది మీవలన కలిగినది కాదు, దేవుని వరమే." వెంటనే "ఎవడును అతిశయపడ వీలులేదు" అని కూడా ఉంటుంది. మా లూథరన్ సంఘానికి మూలపురుషుడైన లూథర్ 1520లో రాసిన క్రైస్తవ స్వేచ్ఛ పుస్తకంలో ఈ మాటనే పట్టుకున్నాడు. మంచి పనులు మనిషిని మంచివాడిగా చేయవు, మంచివాడైన మనిషి మంచి పనులు చేస్తాడు అన్నాడు. రక్షణ ముందే అందింది కాబట్టి ఇక నీ పనులకు పరలోకంలో బేరం లేదు, అవి పక్కవాడికి అందాలి. "ఊరికే తీసుకుంటున్నానా" అని అడిగారు. అవునమ్మా, ఊరికే తీసుకుంటున్నారు. ఊరికే తీసుకున్నాక ఊరికే కూర్చోమని మాత్రం ఎవరూ చెప్పలేదు. ఫిలిప్పీ పత్రికలో అదే పౌలు "భయముతోను వణకుతోను మీ సొంతరక్షణను కొనసాగించుకొనుడి" అంటాడు. క్రియలు లేని విశ్వాసం మృతమైనదని యాకోబు అంటాడు. ఈ మాటలను ఎలా కలిపి చదవాలన్న దాని మీదే కాథలిక్కులూ లూథరన్లూ నాలుగు వందల ఏళ్లకు పైగా పోట్లాడుకుని, చివరికి 1999 అక్టోబరు 31న జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు చేశారు. కాబట్టి మీ టెన్షన్ మీ ఒక్కరిదే అనుకోకండి, సంఘం మొత్తం మోసిందే.

నేను ఇన్నేళ్లు చదివి, చెప్పి, తెలుసుకున్నది ఇది. కుందకుందుడు, లూథర్ ఇద్దరూ మనిషి చేతిలోంచి పుణ్యపు చిట్టా పుస్తకం లాగేసుకున్నారు. కారణాలు మాత్రం ఒకదానితో ఒకటి కలవవు. ఆత్మ స్వతహాగా పూర్ణమైనది, దానికి బయటినుంచి చేర్చాల్సింది ఏమీ లేదు, అందుకే పుణ్యం కూడా బరువే అంటాడు కుందకుందుడు. మనిషి దగ్గర ఇవ్వడానికి ఏమీ లేదు, అంతా దేవుడే ఇవ్వాలి, అందుకే పుణ్యం చెల్లదు అంటాడు లూథర్. ఒకరు మనిషి మీద అంత నమ్మకంతో అన్నారు, ఇంకొకరు మనిషి మీద ఆ నమ్మకం పూర్తిగా వదులుకుని అన్నారు. ఈ తేడాను చెరిపేయకూడదు. చెరిపేస్తే ఇద్దరికీ అన్యాయమే.

"మీకు దిక్కెవరు" అన్న మీ ప్రశ్న ఈ తేడాకే తగులుతుంది. మహావీరుడి లాంటి తీర్థంకరుడు దారి చూపిస్తాడు, చేయి పట్టుకుని నడిపించడు. జైనుల ముఖ్య గ్రంథం తత్వార్థసూత్రం మొదట్లో చదివే మంగళశ్లోకం "వందే తద్గుణలబ్ధయే" అని ముగుస్తుంది. ఆయన గుణాలు నాకు రావాలని నమస్కరిస్తున్నాను అంతే. వరం అడగడం లేదు. జైనులు రోజూ చదివే ణమోకార మంత్రంలో కూడా ఐదు నమస్కారాలున్నాయి గానీ ఒక్క కోరిక లేదు. నాకు ఆ ప్రార్థన అంటే చాలా గౌరవం. కానీ నా వరకు నేను రాత్రి మోకరించి "దేవా, పాపినైన నన్ను కరుణించు" అనకుండా పడుకోలేను. నన్ను వినేవాడు ఒకడున్నాడన్నది నా విశ్వాసానికి ఆయువుపట్టు. దాన్ని మీ ఫ్రెండ్ ముందు దాచుకోవద్దు. ఆమె కూడా తనది దాచుకోకూడదు.

క్షమ మీకు మాత్రమే ఉందని మాత్రం అనుకోకండి. మా వీధిలో బట్టల షాపు నడిపే కుటుంబంలో ఒక పెద్దావిడ ఉండేవారు. పర్యూషణ చివరి రోజైన సంవత్సరి నాటి సాయంత్రం ఇంటింటికీ వచ్చి, వయసులో నాకంటే ఎంతో పెద్దదైనా రెండు చేతులూ జోడించి "మిచ్ఛామి దుక్కడం" అనేవారు. తెలిసీ తెలియక ఏమైనా నొప్పించి ఉంటే అది చెల్లిపోవాలని. మా పనిమనిషికీ అలాగే చెప్పేవారు. ఆవిడ చదివే ప్రాకృత గాథలో మొదటి మాట "ఖామేమి సవ్వ జీవే", అన్ని జీవులనూ నేను క్షమిస్తున్నాను అని. ఆ తర్వాతే అన్ని జీవులూ నన్ను క్షమించాలి అని వస్తుంది. మనం పరలోక ప్రార్థనలో "మా ఋణస్థులను మేము క్షమించియున్న ప్రకారము" అని రోజూ చదువుతాం. చదివి ఎవరింటికి వెళ్లాం? తత్వార్థసూత్రం తపస్సును బయటిది ఆరు, లోపలిది ఆరు అని విడదీసింది. ఉపవాసం బయటి తపస్సు. ప్రాయశ్చిత్తం లోపలి తపస్సుల్లో మొదటిది. ఈసారి మీ ఫ్రెండ్‌ను ఆకలి గురించి కాకుండా దీని గురించి అడగండి.

ప్రశ్న: యేసు పక్కన సిలువ మీద ఉన్న దొంగకు ఆఖరి నిమిషంలో పరదైసు దొరికింది. బతుకంతా చేసిన దుర్మార్గం ఏమైంది? ఎవరి కర్మ వారే అనుభవించాలన్న జైనమే న్యాయంగా లేదా?
- రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి, అనంతపురం

జవాబు: లూకా సువార్తలో ఆ దొంగ అడిగిందేమిటో చూడండి సార్. "నీవు నీ రాజ్యములోనికి వచ్చునప్పుడు నన్ను జ్ఞాపకము చేసికొనుము" అన్నాడు. శిక్ష తప్పించమనలేదు. తనకు పడ్డ శిక్ష న్యాయమేనని అంతకుముందే రెండో దొంగతో ఒప్పుకున్నాడు. సిలువ మీదనుంచి దిగలేదు, చచ్చిపోయాడు. లెక్క కొట్టేశారని మీరంటున్నారు గానీ, ఆ మధ్యాహ్నం అతను అనుభవించింది తక్కువా?

ఇక జైనం లెక్కకు లెక్క అనే మతం అని మీరు అనుకుంటున్నట్టున్నారు. శ్వేతాంబర ఆగమాల్లో అంతకృద్దశ అనే గ్రంథం ఉంది. అందులో రాజగృహంలోని అర్జునమాలి అనే పూలదండలవాడి కథ వస్తుంది. ఒక యక్షుడు ఆవహించి రోజుకు ఆరుగురు మగవాళ్లను, ఒక ఆడమనిషిని చంపుతూ పోయాడు. సుదర్శనుడనే శ్రావకుడు (జైన గృహస్థు) భయపడకుండా ఎదురు నిలిచాక యక్షుడు వదిలాడు. అర్జునమాలి మహావీరుడి దగ్గర దీక్ష తీసుకున్నాడు. ఆ తర్వాతి భాగమే నన్ను కదిలిస్తుంది. అతను భిక్షకు వెళ్లింది అదే రాజగృహానికి. నా తండ్రిని చంపాడు, నా తల్లిని చంపాడు, నా బిడ్డను చంపాడు అంటూ జనం తిట్టారు, కొట్టారు. కొన్నిచోట్ల అన్నం దొరికితే నీళ్లు దొరకలేదు. అతను ఎవరి మీదా కోపం తెచ్చుకోలేదు. ఆరు నెలల్లో ముక్తి పొందాడు.

అన్ని హత్యలకు ఆరు నెలలా అని మీరు అడగవచ్చు. కర్మ ఎంత బలంగా అంటుకుందో దాన్నిబట్టే జన్మల తరబడి పండాలని జైనం చెప్పదు. తపస్సుతో ముందుగానే రాల్చవచ్చు అంటుంది. అక్కడా దయకు చోటుంది, కానీ ఆ దయ పైనుంచి రాదు, తిట్లు తింటూ ఊరుకున్న అర్జునమాలి ఓర్పులో ఉంది. మా కథలో ఆ దయను దొంగ ఒక్క మాటలో అడిగాడు. నా అభిప్రాయం అడిగితే, అర్జునమాలి కథను సండే స్కూల్ పిల్లలకు చెప్పాలి. లూకా సువార్తలోనే పన్నులు వసూలు చేసే జక్కయ్య అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగి ఇస్తానన్నాడు. క్షమ పొందినవాడు బాధపడ్డవాళ్ల గుమ్మానికి వెళ్లాలన్న సంగతి మా ప్రసంగాల్లో తక్కువగా వినబడుతోంది, అది నాకు బాధగా ఉంది.

ప్రశ్న: చివరికి అన్ని మతాలూ చెప్పేది ఒకటే కదండీ, ఆత్మ పరమాత్మలో కలిసిపోవడం. మరి ఇన్ని పోలికలెందుకు?
- పాఠకుడు, రాజమండ్రి

జవాబు: ఈ రెండు మతాల్లో ఏదీ ఆ మాట చెప్పదండీ. జైనంలో సిద్ధుడు, అంటే ముక్తి పొందిన జీవుడు, లోకం కొసన సిద్ధశిల మీద ఎప్పటికీ తనుగానే ఉంటాడు. తత్వార్థసూత్రం చెప్పే ఉపమానం: మట్టి పూసిన సొరకాయ బుర్ర నీళ్లలో అడుగున ఉంటుంది, మట్టి కరిగిపోగానే పైకి తేలుతుంది, జీవుడూ అంతే. ఒకేచోట ఎందరో సిద్ధులు ఉండగలరు గానీ ఒకరిలో ఒకరు కరగరు. శరీరం ఉండదు, చివరి శరీరానికి కొంచెం తక్కువ ఆకారం ఉంటుంది. అనంతజ్ఞానం, అనంతసుఖం ఉంటాయి. కొత్తగా తెలుసుకోవాల్సింది గానీ అడగాల్సింది గానీ ఉండదు.

క్రైస్తవుడు కూడా తనుగానే మిగులుతాడు, పైగా శరీరంతో. అపొస్తలుల విశ్వాస ప్రమాణంలో శరీర పునరుత్థానాన్ని నమ్ముచున్నాను అని ఆదివారం ఆదివారం చెబుతాం. యేసు పరలోకాన్ని చాలాసార్లు పెళ్లివిందుగా చెప్పాడు. విందుకు నలుగురు ఉండాలి. తూర్పు ఆర్థడాక్స్ సంఘాలు మనిషి దైవత్వంలో పాలుపంచుకోవడం గురించి మాట్లాడతాయి, అక్కడ కూడా మనిషి మనిషిగానే ఉంటాడు. అద్వైతం మన చెవులకు అలవాటు కాబట్టి అందరి నోటా అదే వినబడుతుంది. కానీ ఒకరి గమ్యాన్ని ఇంకొకరి గమ్యంగా మార్చేసి "అన్నీ ఒకటే" అంటే అది గౌరవం అనిపించుకోదు.

ప్రశ్న: నేను నర్సుని. మా అపార్ట్‌మెంట్‌లో ఒక జైన పెద్దావిడ క్యాన్సర్ ముదిరాక సంథారా తీసుకున్నారు. అన్నం, తర్వాత నీళ్లు మానేశారు. ఇంట్లో భజనలు జరిగాయి. నేను చర్చికి వెళ్లేదాన్ని, చూస్తూ ఊరుకోవడం పాపమా అని నిద్ర పట్టలేదు. ఇది ఆత్మహత్య కాదా?
- పాఠకురాలు, విజయవాడ

జవాబు: మీరు ఊరుకున్నందుకు పాపం అంటదమ్మా. ఆవిడ నిర్ణయం ఆవిడది, పక్కింటివారిగా మీరు వెళ్లి చూసి వచ్చారు, అది మంచిపనే.

ఈ ప్రశ్న కోర్టుకు కూడా వెళ్లింది. 2015 ఆగస్టులో రాజస్థాన్ హైకోర్టు సంథారా చట్టవిరుద్ధమని తీర్పు చెప్పింది. జైనులు దేశమంతా మౌన ఊరేగింపులు తీశారు. అదే నెలాఖరున సుప్రీంకోర్టు ఆ తీర్పుపై స్టే ఇచ్చింది.

జైన గ్రంథాలు దీన్ని ఎప్పుడు తీసుకోవచ్చో చెప్పాయి. తప్పించుకోలేని ఆపద, కరువు, ముసలితనం, మందులేని రోగం, ఈ నాలుగు సందర్భాల్లో అని జైన ఆచార్యుడు సమంతభద్రుడి రత్నకరండక శ్రావకాచారం చెబుతుంది. గురువు అనుమతి ఉండాలి. తత్వార్థసూత్రం ఇందులో దొర్లగల ఐదు దోషాలను పేర్కొంది: ఇంకా బతకాలన్న కోరిక, త్వరగా చావాలన్న కోరిక, స్నేహితుల మీద మమకారం, పాత సుఖాలను తలచుకోవడం, దీనికి ఫలంగా ఏదైనా కోరుకోవడం. త్వరగా చావాలనుకోవడం కూడా దోషమే! ఉరి వేసుకునేవారి మనసుకూ ఈ మనసుకూ ఎంత దూరమో మీకు ఇక్కడ అర్థమవుతుంది. ఐదోది చూశారా, ఫలం కోరకూడదు. మొదటి జవాబులో చెప్పిన కూలి లేని ధర్మం చావుదాకా వస్తుంది.

నేను తీసుకుంటానా అంటే తీసుకోను. ప్రాణం నాది కాదు, దేవుడిచ్చింది, ఆయన అడిగినప్పుడే ఇస్తాను. అలాగని ఐసీయూలో గొట్టాల మధ్య ఎలాగైనా పొడిగించమని కూడా క్రైస్తవ ధర్మం చెప్పదు. ప్రయోజనం లేని, మోయలేనంత భారమైన చికిత్సను వద్దనుకోవచ్చని కాథలిక్ సంఘం కూడా చెబుతుంది. నర్సుగా మీరు జాగ్రత్తగా చూడాల్సింది ఒకటే. ఎక్కడైనా ముసలివాళ్లు తమంతట తాము కాకుండా, ఇంట్లోవాళ్ల ఒత్తిడి వల్ల దీనికి ఒప్పుకున్నారనిపిస్తే ఊరుకోవద్దు, మాట్లాడండి. అలాంటిదాన్ని జైన ధర్మమూ ఒప్పుకోదు.

ప్రశ్న: జైనం అంటే గుజరాత్, రాజస్థాన్ అనుకున్నాను. మన దగ్గర ఏమైనా చూడదగ్గవి ఉన్నాయా?
- డిగ్రీ విద్యార్థి, కరీంనగర్

జవాబు: మీ జిల్లాలోనే ఉంది బాబూ. గంగాధర మండలం కురిక్యాల దగ్గర బొమ్మలగుట్టకు వెళ్లండి. జైన దేవత చక్రేశ్వరి, తీర్థంకరుల శిల్పాలు రాతి మీద చెక్కి ఉన్నాయి. కన్నడ ఆదికవి పంపడి తమ్ముడు జినవల్లభుడు పదో శతాబ్దంలో వేయించిన శాసనం అక్కడే ఉంది. సంస్కృతం, కన్నడంతో పాటు తెలుగులో కందపద్యాలు కూడా ఉన్నాయి. నన్నయకు ముందటి తెలుగు పద్యాన్ని రాతి మీద చూడవచ్చు. తర్వాత ఆలేరు దగ్గర కొలనుపాక చూడండి, ఇప్పటికీ పూజలు జరుగుతున్న గుడి. అనంతపురం వైపు వెళ్తే కొనకొండ్లలో రససిద్ధుల గుట్ట ఎక్కండి. బొమ్మలగుట్టకు ఎండాకాలంలో వెళ్లకండి, రాయి కాలిపోతుంది. నీళ్ల సీసా, నోట్‌బుక్ పట్టుకెళ్లండి. శాసనం మీద సుద్దముక్కతో గీయడం, చేత్తో రుద్దడం మాత్రం చేయవద్దు.